బడులు కలిపేస్తున్నారు, అమ్మాయిని బీఈడీ చదివించమంటారా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. బీఈడీ చేసి టీచర్ అవుతానంటోంది. ఆడపిల్లకు భద్రమైన ఉద్యోగం, మంచి సంబంధాలు కూడా వస్తాయని నాకూ ఇష్టమే. కానీ మా చుట్టుపక్కల బడులు కలిపేస్తున్నారు, ఉన్న టీచర్లనే మిగులు అంటున్నారు. పిల్లలకు మార్కులు రాకపోతే టీచర్ల జీతాలు కోస్తారని కూడా విన్నాను. బీఈడీ మేలా, డీఈడీ మేలా? ఇప్పటినుంచే అవనిగడ్డలో హాస్టల్లో పెట్టి లాంగ్ టర్మ్ కోచింగ్ ఇప్పిస్తే ఎలా ఉంటుంది? మా బాబు టౌన్లో ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. వాడి ఫీజు పోను కోచింగ్ కోసం కొంత డబ్బు తీసిపెట్టాను. – ఒక తండ్రి

జవాబు: ఈ ప్రశ్న నాకు ఏటా వేసవిలో వస్తూనే ఉంటుంది. ఊరు మారుతుంది, సబ్జెక్టు మారుతుంది, లోపలి భయం మాత్రం ఒకటే. రెండేళ్లు చదివించి, ఆపైన ఇంకెన్నేళ్లో ఎదురుచూసి, తీరా పోస్టు రాకపోతే పిల్ల గతేమిటి? ముందు దీనికే జవాబు చెబుతాను. లెక్కలు బాగా వచ్చి, చెప్పడం కూడా వచ్చిన అమ్మాయి ఖాళీగా కూర్చునే పరిస్థితి మన రెండు రాష్ట్రాల్లో లేదు. ప్రభుత్వ బడుల టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ ఒక్కటే గుమ్మం కాదు. గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, ఆదర్శ పాఠశాలలు, ప్రైవేటు హైస్కూళ్లు అన్నింటికీ లెక్కల టీచర్ కావాలి. ప్రైవేటులో మొదట జీతం తక్కువే, అందులో దాపరికం లేదు. అంతేగానీ చదివిన చదువు వృథా అవుతుందన్న టెన్షన్ మాత్రం మనసులోంచి తీసేయండి.

ఇక పోస్టులు ఎలా పుడతాయో, ఎలా పోతాయో చూద్దాం. ఇది అర్థం కాకపోవడం వల్లే సగం పుకార్లు పుడుతున్నాయి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకూ ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 మందికి ముగ్గురు, 91 నుంచి 120కి నలుగురు ఉండాలి. మీ ఊరి బడిలో 62 మంది ఉన్నారనుకోండి, ముగ్గురు టీచర్లు ఉండాలి. జూన్‌లో టౌన్ స్కూలు వ్యాన్ ఊళ్లోకి వచ్చి నలుగురిని ఎక్కించుకుపోతే 58. ఇద్దరు చాలు. ఆ మూడో పోస్టును రద్దు చేయాలని ఎవరూ కూర్చుని సంతకం పెట్టక్కర్లేదు, లెక్కలోంచి అదే జారిపోతుంది. రాష్ట్రాలు తమ జీవోల్లో ఈ సంఖ్యలను అటూ ఇటూ మారుస్తుంటాయి గానీ పోస్టును తేల్చేది రోలులో ఉన్న పిల్లలే. నిధులూ అంతే. కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద బడికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు ముప్పైమంది లోపు బడికి ఏడాదికి 10 వేలు, వందలోపు అయితే 25 వేలు. సుద్దముక్కల నుంచి చిన్న చిన్న రిపేర్ల దాకా హెచ్ఎం ఆ డబ్బుతోనే నెట్టుకురావాలి.

బడుల విలీనం అని మీరు విన్నది 2022లో వచ్చిన జీవో 117 నాటి గొడవ. 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లకు తరలించడంతో చాలా ఊళ్లలో చిన్న బడులు బోసిపోయాయి. 2025లో ఆ జీవోను పక్కనపెట్టి, పిల్లలు తగినంతమంది ఉన్నచోట తరగతికో టీచర్ ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఇలా ఒకటి కలపడం, ఒకటి విడదీయడం జరుగుతూనే ఉంటుంది. మిగులు అని తేలిన టీచర్ ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికి రారు, పక్క మండలంలో ఖాళీ ఉన్న బడికి వెళ్తారు. ఒకవైపు మిగులు అంటూనే మరోవైపు కొరత ఎంత ఉందో చూడండి. దేశంలోని బడుల వివరాలు సేకరించే యూడైస్ 2024-25 లెక్కల్లో దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు తేలాయి, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ మన ఆంధ్రప్రదేశ్‌లోనే. అయిదు తరగతులనూ ఒక్కరే చూసుకుంటూ, మధ్యలో యాప్‌లో అటెండెన్స్ ఎక్కించి, మధ్యాహ్న భోజనం ఫొటో తీసి పంపే ఆ టీచర్‌ను తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ఇక్కడ మీకు నాలుగు మాటలు గట్టిగా చెప్పాలి, ఏమీ అనుకోకండి. అమ్మాయికి ప్రభుత్వ బడిలో ఉద్యోగం కావాలి, అబ్బాయికి మాత్రం ప్రభుత్వ బడి పనికిరాదు. ఈ రెండూ ఒకే ఉత్తరంలో రాశారు, చదువుకుని చూడండి. మీలాంటి తండ్రులు పదిమంది పిల్లలను వ్యాన్ ఎక్కిస్తే మీ అమ్మాయి కోరుకునే పోస్టు మీ మండలంలోనే మాయమవుతుంది. అబ్బాయిని రేపే స్కూలు మార్చమని నేను అనడం లేదు, అది మీ ఇంటి నిర్ణయం. కానీ బడులు మూతపడటానికి సర్కారు ఒక్కటే కారణమన్నట్టు మాట్లాడకండి. ఇంకో మాట. టీచర్ ఉద్యోగాన్ని సంబంధాల కోసం కొలవడం మానేయండి. ఆ ఉత్తరంలో అమ్మాయికి చెప్పడం ఇష్టమా, లెక్కలు ఇష్టమా అన్న ఒక్క మాట లేదు. అది ముందు కనుక్కోవాల్సింది మీరే కదా.

బీఈడీనా, డీఈడీనా అన్నది మీ అమ్మాయి విషయంలో పెద్ద చిక్కు కాదు. ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులకు బీఈడీ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. ఎస్జీటీ కావాలంటే ప్రాథమిక టీచర్ శిక్షణ అయిన డీఈడీయే దారి. బీఎస్సీ మ్యాథ్స్ చేతిలో పెట్టుకుని మళ్లీ ఇంటర్ అర్హతతో చదివే కోర్సులోకి దిగడం నాకు సబబుగా తోచదు. చిన్నపిల్లలకు చెప్పడమంటేనే ప్రాణం అయితే తప్ప. బీఈడీతో హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్, గురుకులాల్లాంటి చోట్ల టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టులు వస్తాయి. ఆంధ్రప్రదేశ్ 2022 వేతన సవరణ (పీఆర్సీ)లో ఎస్జీటీ మూల వేతనం 32,670 దగ్గర, స్కూల్ అసిస్టెంట్‌ది 44,570 దగ్గర మొదలవుతుంది. చిన్న ప్రాథమిక బడి కలిసిపోవచ్చు, లెక్కల టీచర్ లేకుండా హైస్కూలు మాత్రం నడవదు. స్కూల్ అసిస్టెంట్ ఖాళీల్లో ఎక్కువ భాగం పదోన్నతులతో నిండుతాయి, నేరుగా భర్తీ చేసేవి తక్కువ. అయినా 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులుంటే స్కూల్ అసిస్టెంట్లవి 7,725, ఎస్జీటీలవి 6,371. కాబట్టి బీఈడీయే చేయించండి. పోలిక ఇంతే, ఇంతకుమించి సాగదీయను.

ఎక్కువసేపు మాట్లాడాల్సింది కోచింగ్ గురించి. డీఎస్సీ అంటే అవనిగడ్డ అన్నంతగా ఆ ఊరికి పేరుంది, అక్కడ చదివి టీచర్లయినవాళ్లు ఊరూరా ఉన్నారు. నా అభ్యంతరం ఊరి మీద కాదు, నోటిఫికేషన్ లేకుండా ఏళ్లకు ఏళ్లు హాస్టల్లో పడి చదివే పద్ధతి మీద. తేదీలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో డీఎస్సీ వచ్చింది. తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒకటి వచ్చి రద్దయింది. మళ్లీ వచ్చింది 2025 ఏప్రిల్‌లో. తెలంగాణలో 2017 తర్వాత 2023లో 5,089 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ రద్దయి, 2024లో 11,062 పోస్టులకు కొత్తది వచ్చింది. అంటే రెండుచోట్లా దాదాపు ఏడేళ్ల ఎడం. పైగా పదవీ విరమణ వయసు పెంచినప్పుడల్లా ఖాళీలు ఆగిపోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 60 నుంచి 62 చేసినప్పుడు జరిగింది అదే. ఇకపై ఏటా డీఎస్సీ అని ప్రభుత్వం చెబుతోంది. జరిగితే సంతోషమే. ఆ మాటను నమ్ముకుని పిల్ల వయసును తాకట్టు పెట్టొద్దు.

1998 డీఎస్సీలో అర్హత సాధించి పోస్టు దక్కనివాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 2023లో, అదీ మినిమం టైమ్ స్కేల్ (స్కేలులో కనీస మూల వేతనం) మీద కాంట్రాక్టు టీచర్లుగా అవకాశం వచ్చింది. అప్పటికి వాళ్లలో చాలామందికి యాభై దాటాయి. వాళ్ల పట్టుదలకు దండం పెడతాను. కానీ ఏ తండ్రీ కూతురికి కోరుకోవాల్సిన దారి అది కాదు. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువ నలిగిపోయినవాళ్లు పరీక్ష తప్పినవాళ్లు కాదు. రెండు మూడేళ్లు గదిలో బిట్లు బట్టీపట్టి, ఒక్క రోజు కూడా తరగతిలో నిలబడక, ఇంటర్వ్యూకు వెళ్తే బోర్డు మీద ఒక సమీకరణం విడమరచి చెప్పలేక వెనక్కి వచ్చినవాళ్లు. పాఠం చెబుతూ చదివిన పిల్లకు కంటెంట్, మెథడాలజీ రెండూ చేతిలో ఉంటాయి. డీఎస్సీ పేపర్లో ఎక్కువ మార్కులు ఆ రెండింటివే.

జీతాలు కోస్తారన్న మాటలో నిజం లేదు. 2024 డిసెంబరు 4న పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూడటానికి 3, 6, 9 తరగతులకు జరిగిన పరఖ్ సర్వే లాంటివి కొన్ని బడులను నమూనాగా తీసుకుని జిల్లాల స్థాయిని చూపిస్తాయి, ఫలానా టీచర్ మంచి, ఫలానా టీచర్ చెడు అని తేల్చవు. ఫలితాలను బట్టి టీచర్లకు డబ్బు ఇవ్వడం అన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే 2005 నుంచి ప్రయోగంగా చేసి చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఆ పని చేశారు. అది కోత కాదు, బోనస్. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతావాళ్ల కంటే మెరుగ్గా రాశారు. నిజంగా టీచర్లకు నిద్ర పట్టనివ్వనిది 2025 సెప్టెంబరు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు. పదవీ విరమణకు ఇంకా అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాసవ్వాల్సిందే. మీ అమ్మాయి టెట్ పాసయ్యే లోపలికి వెళ్తుంది కాబట్టి ఆ బాధ ఆమెకు లేదు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. కస్తూర్బా విద్యాలయాల్లో సీఆర్టీ (కాంట్రాక్టు టీచర్) లాంటి పోస్టులు సమగ్ర శిక్ష నిధుల మీద నడుస్తాయి. అందులో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతు. పర్మినెంట్ చేయాలని, పే స్కేల్ ఇవ్వాలని తెలంగాణలో ఆ ఉద్యోగులు 2024 డిసెంబరులో సమ్మెకు దిగారు. అనుభవం కోసం చేరితే మంచిదే, అదే పర్మినెంట్ అవుతుందని ఎవరైనా చెబితే నమ్మి డీఎస్సీ చదువు ఆపేయవద్దు.

డిగ్రీ పరీక్షలు అయ్యాక బడులు తెరిచేలోగా మీ ఊరి హైస్కూలు హెచ్ఎంను అమ్మాయితో కలిసి వెళ్లి కలవండి. జూన్‌లో కొన్ని రోజులు ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పనిమ్మని అడగండి, సాధారణంగా కాదనరు. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చాక మొహం చూడండి, మీకే తెలుస్తుంది. ఇష్టంగా ఉంటే బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాయించి ప్రాక్టీస్ టీచింగ్ సరిగా జరిగే కాలేజీలో చేర్చండి, హాజరు లేకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామనే చోటికి పోవద్దు. టెట్ బీఈడీ చివరి ఏడాదిలోనే రాయవచ్చు. తర్వాత ఏదో ఒక బడిలో పాఠం చెబుతూ చదవనివ్వండి. తీసిపెట్టిన డబ్బు బ్యాంకులోనే ఉంచి, నోటిఫికేషన్ వచ్చి ఉమ్మడి గుంటూరు జిల్లాకు మ్యాథ్స్ పోస్టులు ఎన్నో చూశాక, ఆ రెండు మూడు నెలల కోచింగ్‌కు ఖర్చుపెట్టండి.