వేసవిలో కనబడని మొక్క

అమలాపురం

అమ్మా, ఆశీస్సులు.

నీ కథ శుక్రవారం పోస్టులో వచ్చింది. ఆ రాత్రే చదివాను. ముందు కోపం వచ్చింది. అది చెప్పేస్తే గానీ మిగతాది రాయలేను.

నీ కథలో కడియపులంక అమ్మాయి పెళ్ళి చేసుకుని అరిజోనా వెళ్ళింది. భర్తకి పొద్దస్తమానం ఆఫీసే. ఒక వీకెండ్ మార్బుల్ కాన్యన్ చూడ్డానికి వెళ్తే రాళ్ళ మధ్య చిన్న బ్రాడీ కాక్టస్ కనబడింది. పెకలించి తెచ్చి బాల్కనీలో కుండీలో పెట్టింది. రోజూ పొద్దున్నే నీళ్ళు పోసింది. డిసెంబరులో ఎర్రటి పువ్వు పూసింది. ఆమెకి బతుకు మీద ఆశ పుట్టింది.

'ఏదో కాక్టస్' అని రాసి ఉంటే నేనింత బాధపడేవాణ్ణి కాదేమో. నువ్వు దాని పేరు రాశావు. పేరు రాశాక అది పుట్టిన నేల, దానికి కావలసిన వాన, అది పూసే నెల, అన్నీ నీ మీద పడతాయి.

ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పినవాణ్ణి. అరిజోనా నేనూ వెళ్ళలేదు, కానీ నీ కథ చదివాక ఆ మొక్క గురించి దొరికినదంతా చదివాను. పెడియోకాక్టస్ బ్రాడీ. లైమన్ బెన్సన్ అనే వృక్షశాస్త్రవేత్త 1962లో ఆ పేరు పెట్టాడు. ప్రపంచం మొత్తమ్మీద అది దానంతట అది పెరిగేది ఒక్క మార్బుల్ కాన్యన్ చుట్టుపక్కలే. అక్కడ కూడా ఎక్కడపడితే అక్కడ మొలవదు. పైన కైబాబ్ సున్నపురాయి పెచ్చులు పరుచుకుని ఉండాలి, కింద మోయెన్‌కోపీ అనే రాతి పొర అరిగి వచ్చిన మట్టి ఉండాలి. బాగా ఎదిగినా ఆరు సెంటీమీటర్ల ఎత్తుంటుంది, అంటే నిమ్మకాయకి కాస్త ఎక్కువ. 1979 నుంచి అమెరికావాళ్ళ అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉంది. దాని ప్రాణం మీదికి తెచ్చిన కారణాల్లో, చూసి ముచ్చటపడి పెకలించుకుపోయేవాళ్ళు కూడా ఒక కారణం. అంటే, తల్లీ, నీ నాయిక.

పువ్వు ఎరుపు కాదు, ఎండుగడ్డి రంగు. మాసూళ్ళయ్యాక మన కళ్ళాల్లో గడ్డిమేటు చూడు, ఆ పసుపు. పూసేది డిసెంబరులో కాదు, వసంతంలో. ఇక ఆ నీళ్ళు! అక్కడ ఏడాదంతా కలిపి పడేది 150 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. గట్టి వాయుగుండం పడితే మన కోనసీమలో అంత వాన రెండు రోజుల్లో కురిసిపోతుంది. ఆ మొక్కకి రోజూ చెంబెడు నీళ్ళు పోస్తే వేరు కుళ్ళి చస్తుంది. నీ నాయిక ఆశ చిగురించిన రోజుకి కుండీలో ఉన్నది చచ్చిన మొక్క.

ఇంకొకటి. కాక్టస్ ఒంటిమీద గాలి పీల్చే సన్నటి రంధ్రాల్ని పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది. రాత్రి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడును మాలిక్ ఆమ్లంగా దాచుకుని పగటి వెలుగులో వాడుకుంటుంది. నీ నాయిక అర్ధరాత్రి నిద్రపట్టక బాల్కనీలో నిలబడిందని రాశావు. సరిగ్గా ఆ వేళకే పక్కన కుండీలో మొక్క గాలి తీసుకుంటూ ఉంటుంది. ఆ మాట రాయకుండా 'నిశ్శబ్దం ఆమెను కౌగిలించుకుంది' అని రాశావు.

కథకి అన్నిటికన్నా పనికొచ్చే సంగతి నీకు అసలు తెలియనే తెలియదు. ఎండలు ముదిరేసరికి ఆ మొక్క నీరింకి కుంచించుకుపోయి నేలలోకి దిగిపోతుంది. పైన రాతి పెచ్చులు తప్ప ఏమీ కనబడదు. ఏప్రిల్లో చూసి, జూన్‌లో అదే చోటికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని వెతికినా దొరకదు. చచ్చిపోలేదు. కిందే ఉంది. ఆ అమ్మాయిని వేసవిలో మళ్ళీ అక్కడికి పంపు. కనబడనివ్వకు. కనబడకపోతే ఆమె ఏం చేస్తుందో నువ్వు కూర్చుని ఆలోచించు. దానికి పువ్వు అక్కర్లేదు.

మొక్క గీసుకుపోతే 'పాలు కారాయి' అని రాశావు చూడు, అక్కడ నేను కాసేపు ఆగాను. బ్రాడీ కాక్టస్‌కి పాలు రావు. ఆ పాలు మీ ఊళ్ళో కంచె మీది కాడజెముడువి. చిన్నప్పుడు విరిచి ఉంటావు, కళ్ళల్లో పడతాయని ఎవరో కేకలేసి ఉంటారు. పాలు కారే జెముళ్ళూ కాక్టస్‌లూ చూడ్డానికి దగ్గరగా అనిపిస్తాయి గానీ వేర్వేరు కుటుంబాలు.

ఇంత చిన్న విషయానికి ఇంత గొడవా అనుకుంటావేమో. నా సంగతి చెప్తాను విను. 1984లో కోరంగి మడ అడవి నేపథ్యంగా ఒక కథ రాశాను. అందులో తెల్లమడ చెట్టు గురించి ఒక్క పేరా ఉంది. ఆ పేరా కోసం మూడు ఆదివారాలు వెళ్ళాను. మోకాలి లోతు బురదలో ఒక చెప్పు పోయింది, ఆఖరి బస్సు తప్పిపోతే రేవు దగ్గర ఒక చేపల వేటగాళ్ళ ఇంటి అరుగు మీద పడుకున్నాను. ఆ ఇంటి పెద్దాయనే తెల్లవారి ఒక ఆకు తెంపి 'నాలిక మీద ఎట్టుకోండి మాస్టారూ' అన్నాడు. ఉప్పు. నేలలోంచి పీల్చిన ఉప్పుని ఆ చెట్టు ఆకుల మీదుగా బయటికి తోసేస్తుంది. ఎండకి సన్నగా పేరుకుని మెరుస్తుంది. నా కథలో భర్తని సముద్రానికి పోగొట్టుకున్న మనిషి ఆ ఆకు నాకుతుంది. కథంతా ఆ వాక్యం కోసమే రాశాను.

అచ్చులో ఆ వాక్యం లేదు. 'ఆమె ఒక చెట్టు కింద కూర్చుని ఏడ్చింది' అని ఉంది. ఎడిటర్‌గారిని అడిగితే, పాఠకుడికి తెలియని చెట్ల పేర్లెందుకండీ, ఏడుపు ముఖ్యం గానీ, అన్నారు. మూడేళ్ళు కలం పట్టలేదు. ఆయన మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా లేదు. ఇప్పుడు పోటీ కథలు చదువుతుంటే అదే రోగం కనబడుతోంది. అమెరికా, ఒంటరితనం, చివర్లో ఒక పువ్వో పక్షో. చదివేవాళ్ళకి కన్నీళ్ళొస్తే బహుమతి. ఆ పక్షి ఏ పక్షో రాసినవాళ్ళకీ తెలియదు, బహుమతి ఇచ్చినవాళ్ళకీ తెలియదు. నువ్వు ఆ వరసలో నిలబడొద్దు.

ఏ పత్రికకి పంపాలి, ముందుమాట రాస్తారా అని అడిగావు. ఇప్పుడు వాటి గురించి రాయాలని లేదు.

నిజానికి నిద్ర పట్టనివ్వనిది నీ రెండో పేజీ. నాయిక తల్లి నర్సరీలో కాక్టస్‌లకి అంటు కడుతుంది. 'అమ్మ నా బుగ్గ ఎప్పుడూ అరచేత్తో నిమరలేదు, చేతి వెనక వైపుతోనే నిమిరేది' అని రాశావు. ఎందుకో రాయలేదు. రాయనక్కర్లేదు కూడా, అరచేతినిండా కంటికి ఆనని ముళ్ళుంటాయి కనక. ఇది ఎక్కడా చదివి రాసింది కాదని నాకు తెలుసు. మూడుసార్లు చదివాను. ఆ తర్వాత విమానం ఎక్కించేశావు, ఆ తల్లి మళ్ళీ కథలో లేదు. అంటు కట్టేటప్పుడు అడుగు మొక్కకీ పై మొక్కకీ నరం ఆనించి దారం చుడతారు కదా, అది చుట్టే చేతిని నువ్వు రోజూ చూశావు. కడియం నర్సరీల్లో ఎర్రగా, పసుప్పచ్చగా అమ్మే ఆ గుండ్రటి కాక్టస్‌లకి పత్రహరితం ఉండదు, కింది మొక్క అన్నం పెడితేనే బతుకుతాయి. పరాయి దేశంలో ఉన్న కూతురి కథలో ఆ మొక్క ఎందుకు లేదు? అది నీ ఇంటి ముందే ఉంది కదా!

కథ తిప్పి పంపుతున్నాను. అంచుల్లో పెన్సిలుతో గీసినవి చూసుకో. తిరగరాసే ముందు మీ అమ్మగారి పక్కన ఒక పూట కూర్చో. ముల్లు దిగితే దేంతో తీసుకుంటారో, ఏ వేలికి ఎక్కువ దిగుతాయో, రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు మంట పుడుతుందో లేదో అడిగి, ఆమె ఏ మాటల్లో చెప్పారో ఆ మాటల్లోనే ఒక కార్డు ముక్క మీద రాసి నాకు పంపు. కథ తర్వాత.

మీ మాస్టారు