అల్యూమినియం హెడ్‌లో విరిగిన సైలెన్సర్ స్టడ్‌ని హెడ్ మార్చకుండా తీయొచ్చా?

100 సీసీ బైకులో సైలెన్సర్ బిగించే ఎం6 స్టడ్ (6 ఎంఎం మర కడ్డీ) ఇంజిన్ హెడ్‌తో సమంగా విరిగిందనీ, మెకానిక్ కొత్త హెడ్ వేయాలంటున్నాడనీ రాశారు. హెడ్ మార్చక్కర్లేదు. ఇలాంటివి తీసిన అనుభవంతో చెబుతున్నా, ముందు ఈజీ అవుట్ (విరిగిన స్టడ్‌లో రంధ్రం చేసి, అందులో దించి తిప్పి తీసే పనిముట్టు) పక్కన పెట్టేయండి.

ఇనుము, అల్యూమినియం తడిలో ఆనుకుని ఉంటే ముందు చెడేది అల్యూమినియమే. దాన్నుంచి వచ్చే తెల్లటి పొడి మరల మధ్య ఉబ్బి స్టడ్‌ని పట్టేస్తుంది. ఈజీ అవుట్ మొన దగ్గర సన్నగా, పైకి పోనుపోను లావుగా ఉంటుంది కాబట్టి తిప్పేకొద్దీ స్టడ్‌ని లోపల్నుంచి ఇంకా వెడల్పు చేస్తుంది. చివరికి అదే విరుగుతుంది. ఆ ముక్కను మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్ బిట్టు కోయలేదు. అప్పుడిక స్పార్క్ ఎరోజన్ మెషీన్ (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచేది) ఉన్న టూల్ రూమ్‌కి హెడ్ మోసుకెళ్లాల్సిందే.

మంచి పద్ధతి నట్టు వెల్డింగ్. స్టడ్ మీద సన్నటి వాషర్, దానిమీద ఎం6 నట్టు పెట్టి, మిగ్ వెల్డింగ్‌తో నట్టు రంధ్రం అడుగునుంచి నింపించండి. ఇనుముకి వేసే వెల్డు అల్యూమినియానికి అతకదు, ఆ భయం వద్దు. జింక్ పూత ఉన్న నట్టయితే పూత గీకేయాలి, ఆ పొగ పీల్చకూడదు. బండి మీదే చేస్తుంటే బ్యాటరీ విప్పాలి, పెట్రోల్ ట్యాంకు దించాలి. చేయి ఆనించగలిగేంత చల్లారాక పావు చుట్టు విప్పడం, వెనక్కి బిగించడం, నూనె వేయడం. బిగువు పెరిగితే బలం పెట్టకుండా వెనక్కి వెళ్లండి.

ఆ వెల్డు తెగితే నట్టు మళ్లీ వెల్డు చేయించి, ఈసారి విప్పేముందు హెడ్‌నే వేడిచేయండి. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 120 డిగ్రీలు పెరిగితే ఎం6 రంధ్రంలో వచ్చే తేడా సుమారు 8 మైక్రాన్లే అయినా ఆ పొడి పట్టు వదలడానికి అది చాలు. నీటిచుక్క పడగానే చుయ్యిమనాలి, అంతే. రంగు మారేదాకా చూడకండి, అల్యూమినియం ఎర్రబడకుండానే కరిగిపోతుంది; స్వచ్ఛమైనదైతే 660 డిగ్రీల దగ్గర, హెడ్‌లో వాడే మిశ్రమం అంతకన్నా ముందే. నూనె స్ప్రే చేసిన చోట మంట పెట్టొద్దు.

డ్రిల్లింగ్ చివరి దారి. బిట్టు ఎప్పుడూ మెత్తటి అల్యూమినియం వైపే జారుతుంది. అందుకే లేత్ షాపులో ఒక చిన్న బుష్ (బిట్టు పక్కకు జారకుండా పట్టే గొట్టం) చేయించి, సైలెన్సర్ ఫ్లాంజ్‌ని (హెడ్‌కి ఆనే రెండు రంధ్రాల పట్టీ) మిగిలిన స్టడ్‌కి బిగించి, రెండో రంధ్రంలో ఆ బుష్ పెట్టి దానిలోంచి 3 ఎంఎం బిట్టు దింపండి. తర్వాత 4, ఆపైన 4.8. ఎడమవైపు తిరిగే బిట్టు దొరికితే స్టడ్ దానంతటదే తిరిగి బయటికి రావచ్చు. లేదంటే మిగిలిన మర చుట్టను సూదిమొనతో లాగి, ఎం6×1 ట్యాపు (రంధ్రంలో మర కోసే పనిముట్టు) వేయండి. రంధ్రం పక్కకు పోయి మర చెడితే 6.3 ఎంఎం డ్రిల్లు, హెలికాయిల్ ట్యాపు, 9 ఎంఎం ఇన్సర్ట్ (చెడిన మర బదులు వేసే తీగ చుట్ట). ఇన్సర్ట్ పై అంచు హెడ్ ఉపరితలం కంటే అర చుట్టు లోపలికి దిగాలి, అడుగున తోక విరిచి బయటికి తీయాలి. ఈ పనంతా అయ్యేదాకా ఎగ్జాస్ట్ పోర్టులో గుడ్డ కుక్కి ఉంచండి.

కొత్త స్టడ్ మరకి యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) పల్చగా రాసి చేత్తో తిప్పినంతే బిగించండి. నట్టు ఇత్తడిది వేయండి, 10 న్యూటన్ మీటర్లు దాటొద్దు.