వీడియోలన్నీ చూసినా బస్సు డ్రైవర్ల ఆన్‌లైన్ కరోనా ట్రైనింగ్ ‘పెండింగ్’ అనే చూపిస్తోందా?

కోర్సులో తప్పేం లేదండీ, మీ డ్రైవర్లు, ఆయాలు చివరి వీడియో అవ్వగానే ఫోన్‌లో బ్యాక్ కొట్టి బయటికొచ్చేస్తున్నారు, అదీ చాలావరకు సమస్య. ఈ కరోనా కోర్సులు ఎక్కువగా స్కార్మ్ (కోర్సు ఎంతవరకు అయిందో ట్రైనింగ్ సైట్‌కి చెప్పే పద్ధతి) ఫార్మాట్‌లో ఉంటాయి, లోపలున్న ఎగ్జిట్ బటన్ నొక్కితేనే ‘అయిపోయింది’ అన్న ముక్క సర్వర్‌కి చేరడం గ్యారంటీ. అందరూ వదిలేసేది ఇదే.

1. కోర్సు మళ్ళీ ఓపెన్ చేయించండి, ఆగిన చోట నుంచి మొదలుపెట్టాలా అని అడిగితే అవును అనాలి, కాదంటే మళ్ళీ మొదటికొస్తుంది.
2. చివరి స్లైడ్‌లో ఎగ్జిట్ నొక్కించండి. కోర్సు వేరే విండోలో తెరుచుకుంటే వెనకాల ఉన్న మెయిన్ పేజీ మూయకూడదు, రికార్డు వెళ్ళేది దాని గుండానే.
3. ఒక నిమిషం ఆగి పేజీ రీఫ్రెష్ చేసి చూడండి.

డిపోలో అందరూ ఒకే ఫోన్‌లో కలిసి చూశారా? అయితే ఎవరి లాగిన్‌తో చూశారో ఆ ఒక్కరి పేరే ఎక్కుతుంది, మిగతావాళ్ళు విడివిడిగా చేయాల్సిందే, తప్పదు.

ఇంకా పెండింగే అంటే క్విజ్‌లో పాసయ్యారో లేదో మార్కులు చూడండి. మావాళ్ళు ఎక్కువమంది తప్పు పెట్టింది బస్సు సీట్లు, కడ్డీలు శుభ్రం చేసే ప్రశ్న, క్రిములు చంపే స్ప్రే కొట్టగానే తుడిచేయాలి అని టిక్ పెట్టారు (బండి మీద కూడా అదే చేస్తున్నారని అప్పుడే తెలిసింది నాకు). డబ్బా లేబుల్ మీద రాసినంత సేపు తడిగా ఉండనివ్వాలి, అప్పుడే వైరస్ చస్తుంది.