లినక్స్ వేసేటప్పుడు పార్టిషన్లు మనమే చేసుకుంటే

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. విండోస్ 11ను అలాగే ఉంచి, ఖాళీ చేసిన 120 జీబీలో ఉబుంటు వేసుకోవాలి. మాన్యువల్ ఆప్షన్ ఎంచుకుంటే మౌంట్ పాయింట్లు, అంటే ఏ పార్టిషన్‌ను ఏ ఫోల్డర్‌గా వాడాలో, అడుగుతోంది. ఏమేం ఇవ్వాలి? కంప్యూటర్ బూట్ కావడానికి వాడే ఈఎఫ్‌ఐ పార్టిషన్ కొత్తగా చేయాలా?

జవాబు: అక్కర్లేదు, విండోస్‌దే సరిపోతుంది. జాబితాలో ఫ్యాట్32 అని, 100 నుంచి 260 ఎంబీ దాకా సైజుతో కనిపించేది సాధారణంగా అదే. దానికి /బూట్/ఈఎఫ్‌ఐ మౌంట్ పాయింట్ ఇవ్వండి. ఫార్మాట్ గడిలో టిక్ ఉంటే మాత్రం తీసేయండి. విండోస్ బూట్ ఫైళ్లు ఉండేది అందులోనే. పొరపాటున ఫార్మాట్ అయితే సీ డ్రైవ్‌లో డేటా భద్రంగానే ఉంటుంది కానీ విండోస్ లేవదు.

ఇక ఖాళీ స్థలంలో సిస్టమ్ ఉండే రూట్‌కు, అంటే '/'కు, 50 జీబీ ఇచ్చి, లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 ఎంచుకోండి. 25 జీబీతోనూ పని నడుస్తుంది గానీ స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ రూపంలో వచ్చే యాప్‌లు, పాత కెర్నల్‌లు (సిస్టమ్ మూల భాగాలు) చేరేసరికి ఇరుకైపోతుంది. మిగతా 70 జీబీ మీ ఫైళ్లుండే /హోమ్‌కు. రేపు మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సివస్తే రూట్‌ను మాత్రమే ఫార్మాట్ చేస్తారు, మీ ఫైళ్ల జోలికి పోనక్కర్లేదు. చిక్కేమిటంటే, రూట్ నిండితే హోమ్‌లో ఎంత ఖాళీ ఉన్నా అక్కరకు రాదు. రూట్‌ను పెంచాలంటే పక్కనున్న హోమ్‌ను జరపాలి, అది లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు) నుంచి గంటలు పట్టే పని. నన్నడిగితే 120 జీబీకి అంతా ఒకే రూట్‌గా పెట్టుకోవడమే హాయి. బ్యాకప్ ఎలాగూ వేరే డిస్క్‌లో ఉండాలి కదా!

ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్ పార్టిషన్ చేయకపోతే ఉబుంటు స్వాప్ ఫైల్ పెట్టుకుంటుంది. హైబర్నేట్ (తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి కంప్యూటర్ ఆపడం) కావాలనుకుంటే మాత్రం ఆ 120లోనే 10 జీబీ స్వాప్ పార్టిషన్‌కు వదలండి.

చివర్లో వచ్చే స్క్రీన్‌లో ఫార్మాట్ కాబోయే పార్టిషన్ల పేర్లుంటాయి. మీరు కొత్తగా చేసినవి కాక ఇంకేదైనా కనిపిస్తే వెనక్కి వెళ్లండి. అన్నిటికంటే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా షట్‌డౌన్ కాకుండా ఉంచే సెట్టింగ్) ఆపేసి, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి.

ప్రశ్న: ఇన్‌స్టాలర్‌లో నా ఎస్‌ఎస్‌డీ అసలు కనిపించడమే లేదు. పెన్‌డ్రైవ్ ఒక్కటే చూపిస్తోంది.

జవాబు: బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగల సెట్టింగ్‌లలో) డిస్క్‌ను నడిపే పద్ధతిగా ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా రెయిడ్ ఆన్‌లో ఉండి ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. కాబట్టి ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (బూట్ సెట్టింగ్‌ల టూల్) తెరిచి సేఫ్ బూట్ పెట్టండి. రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లోకి ఒకసారి వెళ్లనివ్వండి. తర్వాత ఆ సేఫ్ బూట్ టిక్ తీసేయండి. మధ్యలో బిట్‌లాకర్ కీ అడగొచ్చు.