కావాల్సింది గీజర్, తీసుకుంటున్నది లక్షా ముప్పై వేల అప్పు

ఒడిశాలో కోరాపుట్ దగ్గరున్న సునాబెడ నుంచి ఒకాయన అడిగారు. రెండు గదుల అద్దె ఫ్లాట్, భార్య, ఇద్దరు పిల్లలు, చేతికొచ్చే జీతం 38,000. స్నానానికి గ్యాస్ గీజర్, చలికాలం రాత్రుళ్లు గదిలో సిలిండర్ పెట్టి నడిపే గ్యాస్ హీటర్. మొన్న బాత్రూంలో వాళ్లావిడకి కళ్లు తిరిగాయంట, దాంతో గ్యాస్ మొత్తం తీసేసి కరెంటుకి మారిపోదామని షాపుకెళ్తే రెండు హాట్ అండ్ కోల్డ్ ఏసీలు 92,000, గీజర్ 9,000, ఇండక్షనూ గిన్నెలూ 7,000, వైరింగూ స్టెబిలైజర్లూ 22,000, మొత్తం 1,30,000 అని రాసిచ్చారు. యాప్‌లో నెలకి 2.25 శాతం వడ్డీకి 24 నెలల లోన్ రెడీగా ఉంది, తీసుకోమంటారా అని ప్రశ్న. బ్యాంకులో ఉన్నది 24,000.

ముందు గ్యాస్ సంగతి. ఆ గీజరూ హీటరూ రెండూ ఈరోజే ఆపేయండి, ఆవిడని ఒకసారి డాక్టర్‌కి చూపించండి. గ్యాస్ సరిగ్గా మండకపోతే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, తలుపులేసిన గదిలో తెలిసేలోపే మనిషిని పడేస్తుంది. కరెంటుకి మారడం నూటికి నూరు పాళ్లు రైటే. దానికి 1,30,000 ఎందుకు అన్నదే నా గొడవ.

ఈ ప్రశ్నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఈ తప్పు చాలామంది చేస్తున్నారు. అవసరం చిన్నది, కానీ లోన్ పెద్దది దొరుకుతోంది కాబట్టి లిస్టు కూడా దానికి తగ్గట్టు పెరిగిపోతుంది. మీకు నిజంగా కావాల్సింది 15 లీటర్ల గీజరూ, దానికి విడిగా ఒక లైనూ, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 16 ఆంప్స్ సాకెట్టూ, లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్ ఒకటి, అదే ఎంసీబీ, అన్నీ కలిపి 13 వేల పని. ఏసీలు దేనికండీ? మీ దగ్గర గట్టి చలి మూడు నెలలు. పైగా అద్దె ఇల్లు, 22 వేలు పెట్టి ఇంకొకరి గోడల్లో వైర్లు వేయించి రేపు ఖాళీ చేస్తే అవి పీక్కెళ్తారా! లోడ్ పెంచాలన్నా మీటర్ ఓనర్ పేరు మీద ఉంటే ఆయనే అప్లికేషన్ పెట్టాలి, ముందు ఆయనతో మాట్లాడండి.

ఇప్పుడు అప్పు. 1,30,000కి నెలకి 2.25 శాతం అంటే ఈఎంఐ 7,070 దగ్గర పడుతుంది, 24 నెలల్లో దాదాపు 1,69,700 కడతారు. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం అని మీరే రాశారు, దానిమీద జీఎస్టీ కలిపి 4,600 ముందే కోసుకుని ఇస్తారు, అది కూడా కలిపితే అసలు వడ్డీ ఏడాదికి 31 శాతం దగ్గరికి పోతుంది. లోన్ ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి, అందులో ఏపీఆర్ అని, అంటే ఫీజులు కూడా కలిపి ఏడాదికి పడే అసలు వడ్డీ, రాసుంటుంది, అది చదివారా? చదవకుండా ఓకే నొక్కేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ ఖర్చు అద్దెతో కలిపి 27,000, బండి ఈఎంఐ 2,600, చీటీ 5,000, మిగిలేది 3,400. 7,070 ఎక్కడినుంచి తెస్తారు? చీటీ పాడేస్తానన్నారు, 20 శాతం పోతుందని కూడా మీరే అన్నారు.

ఇక నేను ఎప్పుడూ కొట్టుకునే విషయం, ఎమర్జెన్సీ ఫండ్. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో 24,000 అంటే ఒక నెల కూడా గడవదు. రాత్రిపూట ఎవరికైనా సీరియస్ అయి ఘాట్ దిగి వైజాగ్ పరిగెత్తాల్సొస్తే అంబులెన్సుకీ ఆస్పత్రిలో అడ్వాన్సుకీ ఏం చేస్తారు, అప్పుడు ఇంకో యాప్ తెరుస్తారా? మీ నెల ఖర్చు బండితో కలిపి సుమారు 30,000, కాబట్టి కనీసం మూడు నెలలది, 90,000, ముట్టుకోకుండా పక్కనుండాలి, ఆ తర్వాత ఆరు నెలలకి పెంచాలి. మీ లక్ష రూపాయల చీటీకి ఇంకా 7 నెలలే ఉంది, పాడకుండా చివరిదాకా ఉంచితే కమిషన్ పోను 95 వేల దాకా వస్తుంది, అదంతా తెచ్చి స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో, అంటే సేవింగ్స్ ఖాతాకి కలిపి ఉండి కావాల్సినప్పుడు తీసుకోగలిగే ఎఫ్‌డీలో, వేసేయండి, ఏసీ షాపు వైపు వెళ్లకండి. చీటీ అయిపోయాక ఆ 5,000 అదే తారీఖున ఆర్‌డీకి పోవాలి.

ఈ నెల 24 వేలలోంచి గీజర్ పని చేయించండి. అప్పటిదాకా నీళ్లు వంటింట్లో కిటికీ తీసి స్టవ్ మీద కాచుకోండి. ఈ చలికాలం నలుగురూ ఒకే గదిలో రజాయిలేసుకుని పడుకుంటే గడిచిపోతుంది, ఆయిల్ హీటర్ పది వేలు అటూ ఇటూ, వచ్చే ఏడాది చూద్దాం. 2,000 వాట్ల హీటర్ రోజుకి నాలుగు గంటలు ఫుల్లుగా నడిస్తే నెలకి 240 యూనిట్లు, యూనిట్ ఐదారు రూపాయలేసుకున్నా 1,200 పైనే, అది కూడా గుర్తుంచుకోండి. ఇండక్షన్ ఇప్పుడొద్దు.

బంగారం పెట్టి తెస్తే అని కూడా అడిగారు. యాప్ కంటే వడ్డీ తక్కువే, కానీ ఆ బంగారం ఆస్పత్రి లాంటి అవసరానికి ఉంచండి, ఏసీకి కాదు. హెల్త్ పాలసీ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు, లేకపోతే ఆ మిగిలే 3,400లోంచే ఇంట్లో అందరికీ కలిపి ఒకటే పాలసీ, ఫ్యామిలీ ఫ్లోటర్ అంటారు, అది ఒకటి ఈ నెలలోనే మొదలుపెట్టండి.