కంప్యూటర్ చదివే అమ్మాయికి ఫ్లోరోసిస్ మీద రీసెర్చ్ ఎందుకు?

ప్రశ్న: నమస్తే సార్. మాది మర్రిగూడ మండలం. నాలుగెకరాల పత్తి, ఎకరం బత్తాయి తోట ఉన్నాయి. మా పెద్దమ్మాయి నల్లగొండలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. మా అమ్మకు ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిపోయింది, మోకాళ్లు ముడుచుకుపోయాయి. పెద్దమ్మాయి పళ్ల మీద గార ఉంది, తమ్ముడికి లేదు. ఫోన్‌తో పళ్ల ఫోటో తీస్తే ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఎంత ఉందో కంప్యూటర్ చెప్పేలా చేస్తానని, దాని మీదే రీసెర్చ్ చేస్తానని, బీటెక్ అయ్యాక జాబ్‌కు వెళ్లనని అంటోంది. డాక్టర్ల పని కంప్యూటర్ చదివే పిల్లకెందుకు? పీహెచ్‌డీ అంటే ముప్పై ఏళ్లు వచ్చేదాకా చదువేనట. ఫీజుల అప్పు ఇంకా తీరలేదు. పెళ్లి సంగతీ చూడాలి. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: నమస్తే అన్నా. అప్పు గురించి, పెళ్లి గురించి తప్పకుండా మాట్లాడతాను. కానీ ముందు మీరు రాసిన ఒక చిన్న మాట దగ్గర ఆగాలి. అక్కకు గార పళ్లు, తమ్ముడికి లేవు అన్నారు. మీకది ఇంటి ముచ్చట. మీ అమ్మాయికి ప్రశ్న అక్కడే పుట్టి ఉంటుంది. ఇల్లు ఒకటే, తిండి ఒకటే, మరి పళ్లెందుకు వేరుగా ఉన్నాయి? పాలపళ్ల తర్వాత వచ్చే శాశ్వత పళ్ల పైపొర చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే ఆ మచ్చలు పడతాయి. ఆ వయసు దాటాక అవే నీళ్లు తాగినా పళ్ల మీద కొత్తగా మచ్చ రాదు. ఎముకల మీద మాత్రం ప్రభావం పడుతూనే ఉంటుంది. అక్క చిన్నప్పుడు మీ ఇంట్లో బోరు నీళ్లు తాగి ఉంటారు, తమ్ముడి వేళకు భగీరథ నల్లా వచ్చి ఉంటుంది.

రీసెర్చ్ చేస్తామని నా దగ్గరికి చాలామంది పిల్లలు వస్తారు. దేని మీద అని అడిగితే 'ఏఐ మీద సార్' అంటారు. ఏఐతో ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు అంటే ఇక మాట రాదు. సీటు కావాలి, పేరు ముందు డాక్టర్ అని ఉండాలి, అంతవరకే ఆలోచించి ఉంటారు. మీ అమ్మాయికి ప్రశ్న ముందే దొరికింది. అందుకే ఈ పిల్లను ఆపొద్దని మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నాను.

ఇక డాక్టర్ల పని ఈమెకెందుకు అన్న మాట. మన జిల్లా కథే చూడండి. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ డాక్టర్లు మన ఊళ్లకు వచ్చి, పడుచు పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం చూసి, దాని మీద పరిశోధన చేశారు. నీళ్లతో ఆగకుండా జనం తినే జొన్నలను కూడా పరీక్షించారు. అది వైద్యం వైపు. అదే కాలంలో నాగ్‌పూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) ఇంజినీర్లు నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారు చేశారు. పటిక, సున్నం కలిసినప్పుడు నీళ్లలో మెత్తటి తెట్టు కడుతుంది, ఫ్లోరైడ్ దానికి అంటుకుని అడుగుకు దిగుతుంది. ఆ పద్ధతికి పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్. ఇథియోపియా, టాంజానియా వాళ్లు రాసిన పరిశోధన పేపర్లలో కూడా మన ఊరి పేరు అలాగే కనిపిస్తుంది. దానిలో ఇబ్బందులూ ఉన్నాయి. పటిక మోతాదు నీటిని బట్టి మారాలి, తప్పితే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది, అడుగున చేరిన బురదను ఎక్కడ పారబోయాలో తెలియదు. కాళ్లు ఎందుకు వంగాయో డాక్టర్లు చూశారు, నీళ్లను ఎలా బాగు చేయాలో ఇంజినీర్లు చూశారు. ఏ ఊళ్లో ఏ వయసు పిల్లలకు ఇంకా మచ్చలు వస్తున్నాయో వేల మందిని చూసి లెక్క తేల్చే పని మిగిలి ఉంది. అక్కడ కంప్యూటర్ పనికొస్తుంది. మీ అమ్మాయి అడుగుతున్నది అదే.

అయితే ఆమె అనుకున్నంత తేలిక కాదు. ఆ పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చెప్తాను, ఇంట్లో ఆమెకు చదివి వినిపించండి.

పళ్ల ఫ్లోరోసిస్‌ను కొలవడానికి 1942 నుంచీ డీన్ సూచిక అని ఒకటి వాడుతున్నారు. మామూలు పన్నుతో మొదలై, అనుమానం, చాలా తేలిక, తేలిక, మధ్యస్థం, తీవ్రం అని ఆరు మెట్లు. తెల్లటి సన్న చారలతో మొదలై, చివరి మెట్టులో పన్ను గోధుమ రంగుకు తిరిగి గుంటలు పడుతుంది. ఇప్పుడు ఒకే పిల్లవాడి పళ్ల ఫోటోను ఇద్దరు డెంటిస్టులకు విడివిడిగా ఇవ్వండి. తీవ్రంగా ఉంటే ఇద్దరూ ఒకే మాట చెప్తారు. 'అనుమానం', 'చాలా తేలిక' దగ్గరికి వచ్చేసరికి ఒకరు ఒకటి అంటే మరొకరు ఇంకొకటి అంటారు. పన్ను తడిగా ఉంటే సన్న చారలు కనిపించవు, దూదితో తుడిచి ఆరనిస్తే బయటపడతాయి. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫోటో వేరు, వాకిట్లో ఎండలో తీసింది వేరు. గుట్కా మరకనూ ఫ్లోరైడ్ మచ్చనూ ఫోటోలో చూసి తేడా చెప్పాలంటే అనుభవం కావాలి. డెంటిస్టు నోట్లో రెండు వైపులా చూస్తారు, మచ్చలు రెండు పక్కలా ఒకేలా ఉన్నాయా, అడ్డంగా చారల్లా ఉన్నాయా అని. కంప్యూటర్ నేర్చుకునేది, ఏ ఫోటో ఏ మెట్టో మనుషులు రాసిపెట్టిన లేబుళ్లను చూసే. ఆ లేబుళ్ల మీద మనుషులకే మాట కుదరకపోతే అది నేర్చుకునేదేమిటి? ఇద్దరి మాట ఎంతవరకు కలిసిందో చెప్పే లెక్కకు కప్పా అని పేరు. మీ అమ్మాయి కోడింగ్ కంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

ఇంకొకటి. ఒక పిల్లవాడివి ఐదు ఫోటోలుంటే, మూడు కంప్యూటర్‌కు నేర్పడానికి వాడి, రెండు పరీక్ష పెట్టడానికి ఉంచితే, అది ఫ్లోరోసిస్‌ను గుర్తుపట్టకుండా ఆ పిల్లవాడి నోటిని గుర్తుపట్టి మంచి మార్కులు తెచ్చుకుంటుంది. కొత్త ఊరికి తీసుకెళ్తే తేలిపోతుంది. పెద్ద పెద్దవాళ్లకూ ఇలాంటిదే జరిగింది. న్యుమోనియాను ఎక్స్‌రేలో గుర్తుపట్టే ప్రోగ్రాములు ఎక్స్‌రే ఏ ఆసుపత్రిలో తీశారో కూడా కనిపెట్టేస్తున్నాయని, వేరే ఆసుపత్రికి తీసుకెళ్తే వాటి పనితనం తగ్గుతోందని 2018లో అమెరికాలో ఒక పరిశోధన బయటపెట్టింది. నీ ప్రోగ్రామ్ 98 శాతం కరెక్ట్ అని ఎవరైనా చెప్తే, ఏ ఊరి పిల్లలతో నేర్పారు, ఏ ఊరి పిల్లలతో పరీక్షించారు అని అడగడం ఆమెకు అలవాటు కావాలి.

అందుకే ఆమెకు నా సలహా: ఒక కాలు కంప్యూటర్ సైన్స్‌లోనే గట్టిగా ఉంచాలి. గణితం, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ బలంగా ఉండాలి, ఎన్‌పీటీఈఎల్ అనే వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. వైద్యంలో డిగ్రీ అక్కర్లేదు. కానీ డాక్టరుతో కూర్చుని మాట్లాడేంత భాష రావాలి, రోగి అంటే ఫోటో మాత్రమే కాదని తెలియాలి. కంప్యూటర్ పని, డాక్టర్ పని రెండూ నేనే చేస్తాననుకుంటే ఏదీ పూర్తికాదు.

ఇక డబ్బు. రీసెర్చ్ చదువుకు మీరు ఫీజు కట్టుకుంటూ పోతారని భయపడుతున్నారు. మంచి ప్రభుత్వ సంస్థలో ఫెలోషిప్‌తో చేరితే వాళ్లే ఇస్తారు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, రెండేళ్లయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోగా) 42 వేలు, ఇంటి అద్దె అలవెన్స్ వేరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పైకి వెళ్తే ఇంతకన్నా ఎక్కువే వస్తుంది, ఆ మాట దాచను. స్టైపెండ్ ఒక్కోసారి రెండు మూడు నెలలు ఆలస్యంగా పడుతుంది, కాబట్టి చేరిన మొదట్లో చేతిలో కొంత ఉంచుకోవాలి. ఫీజుల అప్పు వడ్డీ భారంగా ఉంటే బీటెక్ తర్వాత రెండేళ్లు ఉద్యోగం చేసి, అప్పు తీర్చి వచ్చినా తప్పు లేదు. ప్రశ్న ఎక్కడికీ పోదు. కానీ ఆ నిర్ణయం ఆమెతో కూర్చుని తీసుకోండి, ఆమె తరఫున మీరొక్కరే తీసుకోకండి.

వయసు సంగతి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుంటే పీజీ లేకుండా నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉంది. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. అమ్మాయిలకు ఇంకో రెండేళ్ల సడలింపు, ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఇచ్చే వీలు ఉన్నాయి. అంటే పెళ్లి అయితే చదువు ఆగాలన్న రూలు ఎక్కడా లేదు. సంబంధం చూసేటప్పుడు ఆ ఇంటివాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి. దాచి పెళ్లి చేసి, ఆ తర్వాత పిల్ల మీద టెన్షన్ పెట్టొద్దు.

కానీ నేనైతే నేరుగా పీహెచ్‌డీ అనను. ముందు ఎంఎస్ బై రీసెర్చ్ లాంటిది, అంటే రీసెర్చ్‌తో చేసే పీజీ, చేయమంటాను. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఉంది, దానికి వాళ్ల ప్రవేశ పరీక్ష వేరు. రెండు మూడేళ్లలో రీసెర్చ్ తనకు సరిపడుతుందో లేదో ఆమెకే తెలుస్తుంది. నచ్చితే పీహెచ్‌డీ, నచ్చకపోతే చేతిలో పీజీ డిగ్రీతో ఉద్యోగం. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగమూ ఉంది. ఐఐటీల్లాంటి చోట్ల పీజీ సీట్లకు పెట్టే గేట్ పరీక్ష మూడో సంవత్సరంలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కంప్యూటర్ సైన్స్‌తో పాటు బయోమెడికల్, డేటా సైన్స్ పేపర్లు కూడా ఉన్నాయి. అంతకన్నా ముందు ఒక వేసవి రెండు నెలలు ఏదైనా ల్యాబ్‌లో పనిచేయాలి. దేశంలోని సైన్స్ అకాడమీలు కలిసి ఏటా ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టమనండి. ప్రొఫెసర్లకు మెయిల్ రాసేటప్పుడు ఒకే మెయిల్ వందమందికి పంపితే ఎవరూ చదవరు. వాళ్ల పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో తనకు అర్థంకానిది ఒకటి అడుగుతూ నాలుగు లైన్లు రాస్తే జవాబు వచ్చే అవకాశం ఉంది.

సంస్థ పేరు కన్నా గైడ్ ముఖ్యం. ఈ మాట నేను అందరికీ చెప్తాను, చాలామంది వినరు. చేరే ముందు ఆ గైడ్ దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరు పిల్లలతో విడిగా మాట్లాడాలి. ఎన్నేళ్లలో పూర్తవుతోంది, నెలకు ఎన్నిసార్లు కలుస్తారు, పేపర్ మీద పిల్లల పేరు ముందు వేస్తారా అని అడగాలి. ఇదంతా అడగడానికి మొహమాటపడితే తర్వాత ఐదేళ్లు బాధపడాలి.

ఒక హెచ్చరిక కూడా. మూడు వేలు కడితే వారంలో మీ పేపర్ అచ్చేస్తాం అనే జర్నళ్లు వాట్సాప్‌లో చాలా తిరుగుతాయి. నాకు తెలిసిన ఒక అబ్బాయి అలా నాలుగు పేపర్లు వేయించుకుని ఇంటర్వ్యూకు వెళ్లాడు. బోర్డులో ఒక మేడమ్ రెండో పేపర్ తీసి, ఈ పట్టిక నువ్వే వేశావా, వివరించు అన్నారు. వాడు చెప్పలేకపోయాడు. బయటికి వచ్చి నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. తెలివైన పిల్లాడు, పేపర్లే లేకుండా వెళ్లినా సీటు వచ్చేదేమో. ఫైనలియర్ ప్రాజెక్టు కూడా కొనొద్దు. మీ అమ్మాయి చేసింది సగమే అయినా తన చేత్తో చేసింది కావాలి.

మరో ముఖ్యమైన సంగతి. ఉత్సాహం కొద్దీ ఊళ్లో బడికి వెళ్లి పిల్లల నోళ్లు తెరిపించి ఫోటోలు తీయొద్దని ఖచ్చితంగా చెప్పండి. మనుషుల మీద చేసే పరిశోధనకు ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, తల్లిదండ్రుల సంతకం ఉండాలి, ఏడేళ్లు దాటిన పిల్లలను వాళ్ల ఇష్టం కూడా అడగాలి. ఆ కమిటీ మెడికల్ కాలేజీల్లో ఉంటుంది, డాక్టరు తోడు లేకుండా ఆ తలుపు తెరుచుకోదు. మనకిప్పుడు నల్లగొండలోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది.

ఈ సెలవుల్లో ఆమెను ఒక పేజీ రాయమనండి, తెలుగులోనే. ఏం తెలుసుకోవాలి, ఎవరి దగ్గర తెలుసుకోవాలి, ఇప్పటిదాకా ఎవరేం చేశారు. ఆ పేజీ పట్టుకుని మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్‌ను గానీ పళ్ల డాక్టర్‌ను గానీ కలవాలి. ఆ రోజు మీరూ వెంట వెళ్లండి అన్నా. అమ్మాయి ఏ వయసు దాకా ఏ బోరు నీళ్లు తాగింది, మీ వాడకు నల్లా ఏ ఏడు వచ్చింది, మీ అమ్మ పెళ్లికి ముందు ఏ ఊళ్లో ఏ బావి నీళ్లు తాగారు అని డాక్టర్ అడుగుతారు. వాటికి జవాబు ఆమె కంప్యూటర్లో లేదు, మీ దగ్గర ఉంది.