మోషీలో ఆరు నెలలు వాలంటీరుగా ఉంటే కిలిమంజారో ఎక్కడం తేలికవుతుందా?

"టాంజానియాలోని మోషీలో ఒక బడిలో ఆరు నెలలు పనిచేస్తాను. కొండ కిందే కాపురం కాబట్టి ఒంటికి అలవాటైపోతుంది, అయిదు రోజుల ప్యాకేజీ చాలు కదా?" అని అడిగారు.

చాలదు. మోషీ ఎత్తు దాదాపు బెంగళూరంత. అక్కడ ఎన్నాళ్లున్నా కిలిమంజారో కొసన 5,895 మీటర్ల ఎత్తున ఉన్న ఉహురు శిఖరానికి ఒళ్లు సిద్ధం కాదు. ఎత్తుకు అలవాటు పడాలంటే ఎత్తులో పడుకోవాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఆగకుండా ఎక్కానని ధీమాగా చెప్పేవాళ్లు మనలో చాలామంది. కాళ్లకు అది మంచి సాధనే. కానీ తూర్పు కనుమల్లో అన్నిటికంటే పెద్ద కొండ కూడా 1,700 మీటర్లు దాటదు. కిలిమంజారో మీద మరాంగు దారి మొదలయ్యే గేటే 1,800 మీటర్ల పైన ఉంటుంది.

అయిదు రోజుల లెక్క చూడండి. మరాంగు దారిలో మొదటి రాత్రి మందారా, 2,720 మీటర్లు. రెండో రాత్రి హొరొంబో, 3,720. మూడో రోజు సాయంత్రానికి కిబో, 4,720. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదని పర్వత వైద్యులు చెబుతారు. ఇక్కడ రోజుకి వెయ్యి పెరుగుతోంది, పైగా ఆ రాత్రే లేచి శిఖరానికి బయల్దేరాలి. పార్కు రుసుము రోజుల లెక్కన కట్టాలి కాబట్టి రోజు తగ్గితే ధర తగ్గుతుంది, అందుకే ఈ ప్యాకేజీలు అమ్ముడుపోతున్నాయి. డబ్బు చాలకపోతే ఇంకో రెండు నెలలు కూడబెట్టుకుని వెళ్లండి, రోజులు మాత్రం కోయకండి. మచామె దారికి ఏడు రోజులు, లెమోషోకి ఎనిమిది పెట్టుకోవాలి. నా ఓటు లెమోషోకే. ఈ రెండు దారుల్లోనూ పగలు 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, రాత్రికి 3,900 ప్రాంతంలో ఉన్న బరాంకో క్యాంపుకి దింపుతారు. ఆ ఒక్క రోజు చేసే మేలు ఏ మాత్రా చెయ్యదు.

మోషీలో ఉండేవాళ్లకు నిజంగా కలిసొచ్చేది సెలవులు. జూన్‌లో బడి సెలవులొచ్చేసరికి పెద్ద వానలు వెనకబడతాయి. ముందు అరూషా దగ్గరి మేరు కొండ ఎక్కండి. 4,560 మీటర్లకు పైనే ఉంటుంది, మూడు నాలుగు రోజులు పడుతుంది. అడవి దున్నలుంటాయి కాబట్టి తుపాకీతో రేంజరు వెంట వస్తాడు. మేరు దిగిన వారం లోపే కిలిమంజారో మొదలుపెట్టాలి. కిందికొచ్చి రెండు మూడు వారాలు గడిస్తే వచ్చిన అలవాటంతా పోతుంది. ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర వేసుకునేవాళ్లు సాధారణంగా ముందు రోజు నుంచే 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకి రెండు వేసుకుంటారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుని అడగకుండా ముట్టుకోవద్దు.

ఇక అసలు రాత్రి గురించి. మచామె, లెమోషోల మీద వచ్చేవాళ్లు బరాఫు క్యాంపు నుంచి బయల్దేరతారు, 4,670 మీటర్లు. అక్కడి స్వాహిలీ భాషలో బరాఫు అంటే మంచుగడ్డ, మన బర్ఫు మాటే అది. సాయంత్రం ఆరింటికల్లా తిని పడుకోవాలి, నిద్ర పట్టదు, ఫరవాలేదు. పదకొండింటికి టీ, బిస్కెట్లు. ఇక్కడే చాలామంది ఉన్న బట్టలన్నీ తొడుక్కుని బయల్దేరతారు. అరగంటలో చెమట పడుతుంది, అయిదు వేల మీటర్ల దగ్గర గాలి కొట్టగానే ఆ చెమటే ఒళ్లు గడ్డకట్టిస్తుంది. కాస్త చలిగా ఉండగానే నడక మొదలుపెట్టండి, ఈకల జాకెట్టు సంచిలోనే ఉంచి మొదటి మజిలీలో వేసుకోండి. నీళ్ల సంచికుండే గొట్టం గంటలో గడ్డకడుతుంది. వేడినీళ్లు లీటరు సీసాల్లో పోసి, ఉన్ని సాక్సు తొడిగి, తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత బిగుసుకుపోదు. ఫోను, బ్యాటరీలు, గ్లూకోజు బిస్కెట్లు లోపలి జేబులో ఒంటికి తగిలేలా ఉండాలి. బయట జేబులో పెడితే బిస్కెట్టు పంటికి రాయిలా తగులుతుంది.

అడుక్కో ఊపిరి. పక్కవాళ్లతో మాట్లాడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టు. గైడు "పోలే పోలే" అంటూనే ఉంటాడు, మెల్లగా మెల్లగా అని. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగమన్న మన సామెత ఆ వాలు మీద అక్షరాలా పనిచేస్తుంది. తెల్లవారుజామున నాలుగు, అయిదు మధ్య చలి బాగా ముదురుతుంది, వెనక్కి తిరిగేవాళ్లలో ఎక్కువమంది అప్పుడే తిరుగుతారు. 5,756 మీటర్ల స్టెల్లా పాయింటు చేరితే శిఖరం ఇంకో ముప్పావు గంట, గంట. పైన పావుగంట చాలు. దిగుడు ఇంకా పెద్దది: ఆ రోజే మ్వేకా క్యాంపుకి, 3,100 మీటర్లకి దిగాలి. రాత్రి గడ్డకట్టిన గులకరాళ్లు పగలు వదులై జారుతాయి. మోకాళ్లకు చేతికర్రలు, బూట్లలోకి రాళ్లు పోకుండా పట్టీలు తప్పనిసరి.

తలనొప్పి, వికారం చాలామందికి వస్తాయి. ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనిస్తూ గీత మీద నడవలేకపోతే మాత్రం మెదడు వాపు అనుకోండి. కూర్చున్నా ఆయాసం, గురగుర దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు. రెండింటికీ వైద్యం ఒకటే: ఆ క్షణమే కిందికి దిగడం, తెల్లవారేదాకా ఆగకూడదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు, ఆ తర్వాత కిలిమంజారో ఎక్కాక మనవాళ్లు ఎంతోమంది ఈ దారి పట్టారు. చాలా సంతోషం. కానీ ఆగస్టు 15న జెండా ఫొటో కోసం లక్షణాలు దాచిపెట్టి పైకెక్కడం నాకు అస్సలు నచ్చదు.

మోషీ బతుకు గురించి. ముందు పర్మిట్: వాలంటీరు పనికి పర్యాటక వీసా చెల్లదు, క్లాస్ సి నివాస అనుమతి కావాలి. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చదువు స్వాహిలీలోనే, సెకండరీ నుంచి ఇంగ్లీషు. కాబట్టి ఏ తరగతికి పంపుతారో అడిగి తెలుసుకోండి. గడియారం సూర్యోదయం నుంచి లెక్క: "సా మ్బిలి" అంటే రెండు గంటలు, మనకు ఉదయం ఎనిమిది. ఆరు కలుపుకోవడం మరిచిపోతే మొదటి సమావేశమే తప్పిపోతుంది. పెద్దవాళ్లు ఎదురైతే "షికమో" అనండి, "మరహబా" అని అందుకుంటారు. ఆ ఒక్క మాటతో వీధంతా దగ్గరవుతుంది. దుకా అంటే దుకాణం, బీమా అంటే బీమానే. కరెంటుకి లుకు మీటరు, ముందే డబ్బు కట్టి టోకెను అంకెలు కొట్టాలి. శాకాహారులకు బెంగ లేదు: ఉగాలీ అనే మొక్కజొన్న పిండి ముద్ద, బీన్స్, మ్చిచా. మ్చిచా అచ్చం మన తోటకూరే. కొండ మీద మాత్రం పప్పు అడగకండి. నాలుగు వేల మీటర్ల దగ్గర నీళ్లు 87 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కరు లేనిదే అది ఉడకదు. బంగాళాదుంపలు, సూపు అడిగి, కారప్పొడి ఒక డబ్బా తీసుకెళ్లండి.

అడగకపోయినా ఒక మాట చెప్పాలి, పోర్టర్ల గురించి. వాళ్ల మీద 20 కిలోలకు మించి సరుకు పెట్టకూడదని నియమం, గేటు దగ్గర తూస్తారు. తూకం అయ్యాక బరువులు మార్చే కంపెనీలున్నాయి, రెండో రోజు మూటలు ఒకసారి చూడండి. మీ సంచి 15 కిలోల లోపు, చక్రాల్లేని మెత్తటి సంచి అయితేనే వాళ్లకు నెత్తిన నిలుస్తుంది. టిప్పు మొత్తం ఒకరి చేతికివ్వకండి. మ్వేకా గేటు దగ్గర అందరినీ పిలిచి, ఎవరికెంతో పైకి చదివి, ఎవరిది వాళ్ల చేతిలో పెట్టండి. బడిలో పిల్లల దగ్గర స్వాహిలీ అంకెలు నేర్చుకునే ఉంటారు, ఆ జాబితా మీరే చదవండి.